రెండో కుర్చీలో హంసమ్మ

"రబ్బరు బిళ్ళ తేవడం మర్చిపోయాను. ఇంకోటి ఉందా?"

"లేదు," అంది హంసమ్మ.

ఆమె పెట్టెలో రెండున్నాయి.

పెద్ద వయొలిన్‌లా ఉండి, నేల మీద నిలబెట్టి వాయించే చెల్లో కింద ఒక ఇనుప ములుకు ఉంటుంది. అది జారకుండా ఆ బిళ్ళ వేసుకుంటారు. హాలు వేదిక చెక్కది. నిన్ననే పాలిష్ కూడా పెట్టారు. బిళ్ళ అడిగిన పిల్ల ఒక్క క్షణం హంసమ్మ పెట్టె వైపు చూసింది. వెళ్ళి మొదటి కుర్చీలో కూర్చుంది.

మొదటి కుర్చీ! ఇరవై ఏళ్ళు హంసమ్మ కూర్చున్న కుర్చీ.

పిల్లాపాపలతో వచ్చే కుటుంబాల కోసం వాళ్ళ ఆర్కెస్ట్రా ఏటా ఒక ఆదివారం మధ్యాహ్నం జంతువుల కచేరీ చేస్తుంది. వయొలిన్లు తేనెటీగలవుతాయి. క్లారినెట్ పిల్లి అవుతుంది. మనిషంత ఎత్తు బేస్ వాయించే బొద్దాయన ఏనుగవుతాడు. చిట్టచివర అందరూ ఆగిపోతారు. పియానో నీళ్ళలా కదులుతుంటే, ఒకే ఒక్క చెల్లో, మొదటి కుర్చీలోది, హంసలా ఈదుకుంటూ వస్తుంది. ఆ హంసను వాయించి వాయించి ఆమె అసలు పేరే పోగొట్టుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా హంసమ్మగారూ అనే పిలుస్తాడు.

ఈ ఏడు హంస చేతులు మారింది.

పోనీ, ఎవరో సిఫార్సు చేశారని తిట్టుకుందామా అంటే అదీ లేదు. చెల్లోవాళ్ళు ముగ్గురూ తెర వెనక కూర్చుని వాయించారు. తెర ఇవతలి పెద్దలకు నంబర్లు తప్ప మనుషులు తెలియరు. పెద్దలందరూ ఒకే నంబరు రాశారు. అది హంసమ్మది కాదు.

"మీకన్నా సంతోషించేవాళ్ళు ఇంకొకరుండరు అనుకున్నానండీ," అన్నాడు కండక్టర్, ఆమె మొహం చూసి బిత్తరపోయి.

"సంతోషమే," అంది హంసమ్మ పళ్ళు బిగించి.

బొద్దాయనకు ఆ మాత్రం మొహమాటం కూడా లేదు. "నేర్పింది నువ్వేగా! ఇంకెందుకమ్మా ఆ కుళ్ళు?" అని ముందు నిలబడి అడిగేశాడు.

అవును. తనే నేర్పింది. ఆరేళ్ళప్పుడు ఆ పిల్ల చెల్లో కన్నా పొట్టి. బొటనవేలు ఎక్కడ ఆనించాలో, కమాను ఎంత వదులుగా పట్టుకోవాలో, చెయ్యి పట్టుకుని నేర్పింది. వేళ్ళు బొబ్బలెక్కితే ఉఫ్ అని ఊది, మళ్ళీ వాయించమంది. బాగా వాయించాలనే కోరుకుంది. తనకన్నా బాగా అని మాత్రం ఎప్పుడూ కోరుకోలేదు.

మూడు వారాలుగా ఆ పిల్లతో మాటలు తగ్గించేసింది. అడిగితే ఊ, లేకపోతే ఊహూ. రిహార్సల్‌లో పక్కన కూర్చుని తప్పు ఎప్పుడు దొర్లుతుందా అని వినేది. ఒక్కటి దొరికినా ఆ పూట కడుపునిండా తినేది. దొరకని రోజులే ఎక్కువ. మనిషి చిక్కిపోయింది.

కచేరీ మొదలైంది. హాలంతా పిల్లల గోల. తేనెటీగలు వస్తే చేతులు విదిలించుకున్నారు. పిల్లి వస్తే మ్యావుమన్నారు. ముందు వరుసలో ఓ చంటిది ఏనుగుకు జడిసి ఏడుపు అందుకుంటే, బొద్దాయన వాయిస్తూనే దానికి కన్ను కొట్టాడు.

తర్వాత దీపాలు తగ్గాయి. హంస వంతు.

ఆ పిల్ల కళ్ళు మూసుకుని తీగ మీద కమాను ఆనించింది. మొదటి స్వరానికే గోల అణిగిపోయింది. హంసమ్మకు ఒళ్ళు భగ్గుమంది. తను వాయించిన ఇరవై ఏళ్ళూ నాలుగో వరుసలోనో ఐదో వరుసలోనో ఎవరో ఒకరు చాక్లెట్ కాగితం విప్పుతూనే ఉండేవారు. ఇప్పుడు ఆ చప్పుడు కూడా లేదు.

పాట సగంలో ఉండగా ములుకు జారింది.

ముందు వెంట్రుకవాసి. తర్వాత అంగుళం. ఆ పిల్ల ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ములుకు హంసమ్మ బూటుకి జానెడు దూరంలో ఉంది. కాలు కాస్త చాపి బూటు అంచు అడ్డం పెడితే చాలు. చూసేవాళ్ళెవరికీ తెలియను కూడా తెలియదు.

ఆ పిల్ల ఓరగా ఆమె కాలి వైపు చూసింది.

హంసమ్మ కాలు వెనక్కి లాక్కుంది.

చెల్లో ఇంకో రెండంగుళాలు జారింది. ఆ పిల్ల కుర్చీ అంచుకు జరిగి, మోకాళ్ళతో దాన్ని బిగించి పట్టింది. మెడ వంకర పోయింది. చెంపల మీద చెమట కారింది. కమాను మాత్రం ఆగలేదు. స్వరం వణకాలి, వణకాలి అనుకుంది హంసమ్మ. వణికింది. ఆ వణుకుతో హంస నిజంగానే నీళ్ళ మీద తేలుతున్నట్టయింది.

హాలు హాలంతా లేచి నిలబడింది.

కచేరీ అయ్యాక పిల్లలు వేదికెక్కి వాద్యాలు ముట్టుకోవచ్చు. ఏటా హంసమ్మకు ఊపిరాడనిచ్చేవాళ్ళు కాదు. ఈసారి ఆమె దగ్గరికి ఒకే ఒక్క పెద్దమనిషి వచ్చాడు, బాత్రూమ్ ఎటని అడగడానికి. గుంపంతా మొదటి కుర్చీ చుట్టూనే.

రెండు జడల పాపొకతి ఆ పిల్ల మోకాలు పట్టుకుని ఊపింది.

"అక్కా, అక్కా! ఇంత బాగా వాయించడం నీకెవరు నేర్పారు?"

చెల్లోని పెట్టెలో సర్దుతున్న హంసమ్మ చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేకపోయింది. కాలు లాక్కోవడం ఆ పిల్ల చూసింది. చూసిందని తనకీ తెలుసు. ఇప్పుడు ఏమంటుందో, అంతమందిలో.

"మా అమ్మ," అంటూ ఆ పిల్ల హంసమ్మను వేలెత్తి చూపించింది.