ఎవరి మనిషి

ముసలాయన చేతిలోంచి డప్పు గుంజుకుంది శ్రీజ.

"మా లొల్లి నీకెందుకు తాతా?"

ఆయన పెద్ద మాటేమీ అనలేదు. గడ్డి మంట మీద డప్పు కాస్తూ, "ఇద్దరు గిట్ల కొట్లాడుకోకుండ్రి బిడ్డా, కంపెని ఆగమైతది" అన్నాడంతే.

"గీ మాట చెప్పుమని వర్షిత నేర్పిందా?"

"ఎవ్వలు నేర్పలే బిడ్డా."

లోపలి నుంచి వర్షిత వచ్చింది.

"నిన్న నాకు గూడ గిదే చెప్పిండు. ఎవలు నేర్పి తోలిన్రో నాకు ఎర్కలేదా?" అంది, శ్రీజ వైపు కొరకొరా చూస్తూ.

సిద్దిపేటలో వాళ్ళిద్దరిదీ ఒక డ్యాన్స్ కంపెనీ. కాలేజీ హాస్టల్ నాటి స్నేహం. పన్నెండు మంది అమ్మాయిలు, ఒక కిరాయి హాలు, పది డప్పులు. ఆడపిల్లల డప్పు ఆట అంటే చుట్టుపక్కల వీళ్ళ పేరే చెప్పేవారు. అలాంటిది, ముందు వరసలో మధ్యన ఎవరు నిలబడాలి అన్న దగ్గర మొదలై, మొహాలు చూసుకోనంత దాకా వచ్చింది. నవ్వకండి. ఇంతకంటే చిన్న సంగతులకు పెద్ద పెద్ద పార్టీలే చీలిపోయాయి.

ఈ ముసలాయన వానాకాలం మొదట్లో వచ్చాడు. ముసురుకు డప్పులు మెత్తబడి మోగడం మానేసిన రోజులవి. ఒక పొద్దున వీళ్ళు వచ్చేసరికి వాకిట్లో గడ్డి అంటించి, ఒక్కో డప్పే కాస్తూ కనిపించాడు. ఆ రోజు డప్పులు ఖంగుమన్నాయి. అప్పటి నుంచి రోజూ వచ్చేవాడు. హాలు ఊడ్చేవాడు, డప్పులు కాచేవాడు, గోడవారన కూర్చుని ఆట చూసేవాడు. చాయ్ ఇస్తే తాగేవాడు, ఇవ్వకపోతే లేదు.

వర్షిత పెట్టి ఉంటుందని శ్రీజ అనుకుంది. శ్రీజ పెట్టి ఉంటుందని వర్షిత అనుకుంది.

ఆయన పేరేమిటని ఇద్దరూ అడగలేదు.

"రేపటి సంది రాకు తాతా" అంది వర్షిత.

"నేనూ గదే అంటున్న" అంది శ్రీజ.

ఆ నెలలో ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

ముసలాయన మంట మీద నీళ్ళు చల్లాడు. "మంచిది బిడ్డా" అని, తువ్వాల భుజాన వేసుకుని గేటు దాటాడు.

రెండో రోజు శ్రీజ కాచిన డప్పు తోలు కాలి పగిలింది. తప్పు నీదంటే నీదని అరుచుకున్నారు. వారం తిరిగేసరికి విడిపోదామని వకీలు మధుసూదన్ దగ్గరికి వెళ్ళారు.

ఆయన కంపెనీ పాత కాగితం తిప్పి చూసి అడిగాడు.

"ఇందుల మూడో పేరున్నది గదమ్మా? రజిత."

ఇద్దరూ తలలు దించుకున్నారు.

నిజానికి కంపెనీ పెట్టింది ముగ్గురు. వీళ్ళ చేతికి డప్పు ఇచ్చి దెబ్బ నేర్పింది రజితే. రెండేళ్ళ కింద జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయింది.

"ఆమె తల్లిదండ్రుల సంతకం లేంది కంపెని పంచుడు కాదు. తండ్రి పోశయ్య, నారాయణరావుపేట. ఇద్దరు పోయి పెట్టిచ్చుకరాండ్రి" అన్నాడు వకీలు.

ఒకే ఆటోలో చెరో మూలకు కూర్చున్నారు. సగం దూరం పోయాక శ్రీజ నోరు విప్పింది.

"ఇగ నీ కొత్త కంపెనిల ఆ తాతను మల్ల పెట్టుకో."

"నేనెందుకు పెట్టుకుంట? నీ మనిషి గద" అంది వర్షిత.

"నా మనిషా? తెచ్చింది నువ్వు గద!"

"నేను తేలే."

మరి ఆయన ఎవరు పిలిస్తే వచ్చాడు?

ఊరు దగ్గరపడింది.

"రజితోళ్ళ ఇల్లు నీకెర్కనే గద. దినాలకు పోయినవ్ గద" అంది శ్రీజ.

వర్షిత ముఖం పాలిపోయింది.

"నేను పోలే. ఆ రోజు నాకు మంచిర్యాల ప్రోగ్రాము ఉండె. నువ్వు పోయినవనుకున్న."

"నాకు ఆ రోజు పరీక్ష. నేను నువ్వు పోయినవనుకున్న."

ముగ్గురూ ఒకే కంచంలో తిన్నారు. అందులో ఒకరు పోతే, ఆ గడప తొక్కే పనిని మిగిలిన ఇద్దరూ ఒకరి మీద ఒకరు వదిలేశారు. రెండేళ్ళలో 'పోయినవా' అని అడిగిన పాపాన పోలేదు. సిగ్గుతో ఇద్దరికీ ఆటో దిగబుద్ధి కాలేదు.

వాకిట్లో బియ్యం చెరుగుతున్న రజిత తల్లి యాదవ్వ వీళ్ళను చూస్తూనే చాట పక్కన పెట్టి లేచింది.

"శ్రీజ, వర్షిత గదా? బిడ్డ ఫోన్ల మిమ్ముల రోజు చూస్త. రాండ్రి, రాండ్రి. కూసోండ్రి."

మంచం వాల్చింది. చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. బ్యాగులోని కాగితం తీయడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు.

"ఢిల్లీకెల్లి ఎప్పుడు వచ్చిన్రు బిడ్డా? అక్కడ మంచిగ ఆడిన్రా?"

వర్షిత, శ్రీజ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఢిల్లీ ఏందమ్మా? మేమెక్కడికీ పోలే" అంది వర్షిత.

యాదవ్వ విస్తుపోయింది.

"అయ్యో, 'పిల్లలు ఢిల్లీకి ఆటకు పోయిన్రు, వచ్చినంక మల్ల పోత' అనుకుంట వారం సంది ఇంట్లనే కూసున్నడు, లేకుంటే రోజు తొలి బస్సుకు మీ కాడికే వచ్చి డప్పులు గాస్తుండె గద బిడ్డా, మా రజిత నాయిన!"