కాటా ఎక్కిన రాకుమారి

ఇన్నా ఒళ్లు చేసిందని రొదియోన్‌కి అనుమానం కాదు, గట్టి నమ్మకం. నిన్న యారొస్లావ్ల్‌లో ఆమెను తలపైకి ఎత్తగానే అతని నడుములో ఏదో కలుక్కుమంది. రాకుమారి గాల్లో అటూ ఇటూ ఊగింది. ముందు వరసలో ఎవరో నవ్వారు కూడా.

పన్నెండేళ్లుగా ఈ బాలే నృత్య బృందంలో రాకుమారుడు అతను, రాకుమారి ఆమె. వేదిక మీద ప్రేమించుకుంటూ, బస్సులో తిట్టుకుంటూ ఊళ్లన్నీ చుట్టేశారు.

డైరెక్టర్ కుజ్మిచ్‌కి తిక్కరేగింది. "మీ ఇద్దరిలో ఒకరి పని అయిపోయింది. ఎవరిదో తేలితే వాళ్లు ఇవాళే ఇంటికి" అన్నాడు.

రొదియోన్‌కి పింఛను రావాలంటే ఇంకొక్క సీజన్ ఆడాలి. ఇప్పుడు పంపేస్తే ఇన్నేళ్లు ఎగిరిందంతా గంగలో కలిసినట్టే. ఇన్నాకి ఆ బెంగ లేదు, ఆమె గడువు నిరుడే దాటేసింది.

"తూయించండి కుజ్మిచ్ గారూ. ఇది చాటుగా తింటోంది" అన్నాడు. భోజనాల దగ్గర ఆమె పళ్లెంలోని మాంసం కుడుములు, పెల్మేనీలు, సగం తన పళ్లెంలోకే వస్తాయన్న సంగతి మాత్రం మింగేశాడు.

కొస్త్రోమా థియేటర్‌లో దుస్తుల పెట్టెలు తూచే కాటా ఉంది. బృందమంతా చుట్టూ మూగింది. తొడల దాకా మందపాటి ఉన్ని మేజోళ్లు తొడుక్కుని, కాళ్లీడ్చుకుంటూ వచ్చింది ఇన్నా. ఆ నడక చూడండి, ఏనుగే నయం అన్నాడు రొదియోన్. మేజోళ్లు విప్పమన్నాడు డైరెక్టర్.

"ఈ చలికి కాళ్లు పట్టేస్తే మీరు ఆడతారా?" అంది.

పోనీ, మేజోళ్లకి అరకిలో తీసేద్దామని రొదియోన్ పెద్దమనసు చూపించాడు.

తీసేసినా ముల్లు నిరుటి కంటే ఐదు కిలోలు ఎక్కువే చూపించింది. రొదియోన్ మొహం వెలిగిపోయింది. ఇన్నా సాయంత్రం బండికి వెళ్లిపోతానంది. వెళ్తూ వెళ్తూ ఆ మేజోళ్లు విప్పి, మడిచి, అతని గదిలో కొక్కేనికి తగిలించింది.

"నడుముకి కట్టుకోరా రోద్యా, వెచ్చగా ఉంటుంది."

ఓడిపోయి కూడా వెటకారమేనని అతను మొహం తిప్పుకున్నాడు.

ఆ రాత్రి ఆట సరిగ్గా సాగలేదు. ముందు తెర గాలికి చీర కొంగులా ఎగిరిపోతోంది. అడుగంచు కుట్లు ఎవడు విప్పాడురా అని తెరవాళ్లు బూతులు లంకించుకున్నారు. కొత్త రాకుమారి ల్యూస్యా ఊదితే ఎగిరిపోయే పిల్ల. ఎత్తాడో లేదో, నడుము మళ్లీ కలుక్కుమంది. ఈ కాలం పిల్లలు మరీ మేస్తున్నారని గొణుక్కున్నాడు. ఒక్కరోజులో ఇద్దరినీ మార్చలేక డైరెక్టర్ పళ్లు నూరుకున్నాడు.

ఆట అయ్యాక రొదియోన్ గోడ పట్టుకుని గదికి చేరాడు. నొప్పి ముందు పౌరుషం ఎంతసేపు? నడుముకి కట్టుకుందామని మేజోళ్లు అందుకున్నాడు.

బరువాగక చేయి జారి అవి తిరగబడేసరికి, తెర ఎగరకుండా అడుగంచున ఉండాల్సిన సీసపు బిళ్లలన్నీ అతని పాదాల మీద దబదబా పడ్డాయి.