నూటికి తొంభై ఆరుగురు

అన్యాయం జరిగింది ఎవరికి? నరసాపురంలో లేసు అల్లుకొని బతికే బుల్లెమ్మకు.

ఎలా జరిగింది? తొమ్మిదేళ్ళ క్రితం భీమవరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె కూతురు లక్ష్మీదుర్గ ఆడపిల్లను కన్నది. తర్వాత మూడు గంటలపాటు రక్తం పోతూనే ఉంది. ఆ మూడు గంటలూ బుల్లెమ్మ పిలుస్తూనే ఉంది. ఎవరూ రాలేదు. లక్ష్మీదుర్గ మరణించింది.

ఆసుపత్రులపై విచారణ జరిపే కమిటీకి బుల్లెమ్మ ఫిర్యాదు చేసింది. ఆ ఆసుపత్రి రోగుల్లో నూటికి తొంభై ఆరుగురు సంతృప్తిగా ఉన్నారని ఒక అధ్యయనం తేల్చిందనీ, కనుక ఫిర్యాదు నమ్మదగినది కాదనీ రెండు వాక్యాల్లో కొట్టివేశారు.

ఈ మధ్య రెండో అధ్యయనం బయటపడింది. అప్పట్లో నర్సింగ్ విద్యార్థిని అయిన మెర్సీ అదే ఏడాది, అదే ఆసుపత్రి రోగుల ఇళ్ళకు వెళ్ళి చేసినది. కాలేజీ బీరువాలో ఇన్నాళ్ళూ పడి ఉంది. అందులో సంతృప్తి చెందినవారు నూటికి నలభై ఒక్కరే.

రెండింటిలో ఏది నిజమో తేలాలి. మొదటిది నిలబడితే బుల్లెమ్మ ఫిర్యాదు మళ్ళీ తెరుచుకోదు.

రాజమండ్రిలో విచారణ. కమిటీ అధ్యక్షుడు సుధాకర్ గారు. ఆసుపత్రి యజమాని డాక్టర్ హరిబాబు తన తరఫున మాట్లాడటానికి మెర్సీ చదివిన కాలేజీలోనే పనిచేసి రిటైరైన నర్సింగ్ ప్రొఫెసర్ సంపూర్ణమ్మ గారిని పిలిపించుకున్నాడు. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. గంజి పెట్టిన తెల్లచీరలో నిటారుగా కూర్చున్నారు.

“రెండూ చదివారా అండి?” అని సుధాకర్ గారు అడిగారు.

“చదివాను. మొదటిది చాలాసార్లు చదివాను. ముందు రెండోదాని లోపాలు చెబుతాను. మెర్సీ అడిగిన నూట ఇరవై మంది చాలరు. రోగులు ఇంటికి వెళ్ళాక రెండు వారాలు ఆగి అడిగితే కొంత మరపు కలుస్తుంది.”

వెనక కూర్చున్న మెర్సీ తల దించుకుంది. హరిబాబు నవ్వాడు.

“అదే నేనూ అంటున్నానండి. లేసు అల్లుకునేవాళ్ళు అరుగుల మీద చెప్పిన కబుర్లు రీసెర్చ్ ఎలా అవుతుందండి?”

“అరుగు మీద అబద్ధం చెప్పాల్సిన అవసరం వాళ్ళకు లేదు. మీ కౌంటర్ దగ్గర ఉంది. మొదటి అధ్యయనంలో ఫారాలు పంచింది మీ నర్సులు. డిశ్చార్జి కాగితం చేతికి ఇవ్వకముందు పంచారు. అభిప్రాయం అడిగే కాగితం మీద వేలిముద్ర కూడా వేయించారు.”

హరిబాబు నవ్వు ఆగింది.

“మేడమ్, మీరే ఇలా అంటే ఎలాగండి? దానికి ఢిల్లీలో బంగారు పతకం ఇచ్చారు. మరిచిపోయారా?”

“మరిచిపోలేదు. పతకం కాగితానికి ఇచ్చారు. ఆ కాగితంలో లక్ష్మీదుర్గ లేదు. చనిపోయినవారిని లెక్కలోకి తీసుకోలేదు. పరిస్థితి విషమించాక కాకినాడ పంపేసినవారిని తీసుకోలేదు. క్షేమంగా ఇంటికి వెళ్ళేవారిని మాత్రమే అడిగి, ఆసుపత్రి బాగుందని రాశారు.”

“చనిపోయినవాళ్ళని ఎలా అడుగుతారండి?”

“వారి తల్లులను అడగవచ్చు.”

“అడిగాం కదండీ.” హరిబాబు ఫైలులోంచి ఒక ఫారం లాగి బల్ల మీద పెట్టాడు. “రెండు వందల పన్నెండో నంబరు. చాలా సంతృప్తి. ఏమ్మా బుల్లెమ్మా, ఈ వేలిముద్ర నీదేనా, కాదా?”

బుల్లెమ్మ లేచి నిలబడింది.

“నాదేనండి. పిల్లని ఇయ్యాలంటే కాగితాలన్నిటి మీదా ముద్ర వెయ్యాలన్నారండి. వేశానండి.”

“చదివి వినిపించారా?” సంపూర్ణమ్మ గారు అడిగారు.

“లేదండి.”

“అప్పుడు పిల్ల ఎవరి చేతుల్లో ఉంది?”

“నర్సమ్మగారి చేతుల్లో అండి.”

“ముద్ర వేశాక?”

“నా చేతుల్లో పెట్టారండి.”

సంపూర్ణమ్మ గారు హరిబాబు వైపు తిరిగారు.

“మీ తొంభై ఆరులో ఈమె ఒకరు. మిగతావారి చేతుల్లో ఏం పెట్టారో నాకు తెలియదు.”

“ఇవన్నీ ఇప్పుడెందుకు చెప్తున్నారండి? తొమ్మిదేళ్ళు ఏం చేశారు?” హరిబాబు గొంతు పెరిగింది. “మీరిలా మాట్లాడతారని తెలిస్తే కారు పంపేవాణ్ణే కాదు.”

“కారు మీరు పంపారు. మాట నాది.”

సుధాకర్ గారు చేయెత్తి అతన్ని ఆపారు. ఆయన గొంతు మెత్తగా ఉంది.

“ఒక్క ప్రశ్న అండి. మొదటి అధ్యయనంలో జరిగింది పొరపాటా, మోసమా?”

“మొదట పొరపాటే. వార్డులోకి అడుగుపెట్టకుండా, ఆసుపత్రి కట్టలు కట్టి పంపిన ఫారాలను నమ్మడం జరిగింది. అచ్చయిన నెలకే మెర్సీ కాగితాలు చూశాక నిజం తెలిసింది. తెలిశాక వాటిని బీరువాలో పెట్టి తాళం వేయడం పొరపాటు కాదు. దానికి శిక్ష ఉండాలి.”

“ఈ మాట రాసి ఇస్తారా?”

“ఇస్తాను.”

“అయితే బుల్లెమ్మ గారి ఫిర్యాదును తిరిగి తెరుస్తున్నాం,” అని సుధాకర్ గారు ప్రకటించారు.

హరిబాబు ఫైలు విసురుగా మూసి బయటికి వెళ్ళిపోయాడు. బుల్లెమ్మ రెండు చేతులూ జోడించింది.

“మీకు దణ్ణం పెట్టకూడదా అండి?” చూపు తిప్పుకున్న ప్రొఫెసర్‌ను ఆమె అడిగింది.

“పెట్టకూడదు,” అన్నారు సంపూర్ణమ్మ గారు.

తర్వాత కలం తెరిచి, తొమ్మిదేళ్ళుగా బుల్లెమ్మకు పడి ఉన్న బాకీని తీర్చడం మొదలుపెడుతూ, మొదటి అధ్యయనం అట్ట మీద రచయిత్రిగా అచ్చయిన తన పేరును అడ్డంగా కొట్టివేశారు.