తెల్లరంగు కింద

"పాస్ లేకుంటే జరుగు, ఖాలా."

గేటు కాపలా ఉన్న తిరుపతి లాఠీ అడ్డం పెట్టాడు.

కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్ గేటు అది. లోపల చిత్రకారుడు వంశీధర్ బొమ్మల ప్రదర్శన. ఆ సాయంత్రమే ప్రారంభం. హైదరాబాదు నుంచి కొనేవాళ్లు వస్తున్నారు.

ఎదురుగా ఉన్నామెకు యాభై అయిదేళ్లుంటాయి. వెలిసిపోయిన దుపట్టా, చేతిలో గుడ్డసంచి. ఆమె గేటు వంక చూడటం లేదు. అతని మొహం వంకే చూస్తోంది.

"నీది ఎల్లారెడ్డి గదా, బేటా?"

"నా ఊరితోని నీకేం పని? నడువు."

భుజం పట్టి నెట్టాడు. ఆమె మెట్ల మీద పడింది. మోచేయి గీరుకుపోయింది. లేచి చెప్పు తొడుక్కుని, తిరిగి తిరిగి అతన్నే చూస్తూ వెళ్లిపోయింది.

పిచ్చిది అనుకున్నాడు తిరుపతి.

అతని దిగులు అతనిది. ఈ రోజు గొడవ లేకుండా గడిస్తే నౌకరీ పక్కా చేస్తానన్నాడు వంశీధర్. నడిమి గోడ మీది బొమ్మకు గీత పడిందా, రేపటి నుంచి రావద్దన్నాడు.

ఆ బొమ్మలో ఒకామె గంప ముందు కూర్చుని బీడీలు చుడుతోంది. సినిమా హీరోయిన్‌లా తెల్లగా మెరిసిపోతోంది. చూసినప్పుడల్లా తిరుపతికి నవ్వొచ్చేది. పొద్దంతా పొగాకు దుమ్ములో ఉండే మనిషికి ఇంత తెలుపెక్కడిది?

అయినా కాళ్లు అటే లాగేవి. బొమ్మలో ఆమె దారపు కొసను కాలి బొటనవేలికి చుట్టుకుంది. అతని తల్లి ఎంకవ్వ కూడా అట్లాగే చుట్టుకునేది.

ఎంకవ్వ దగ్గి దగ్గి చనిపోయిననాడు అతనికి ఆరేళ్లు. మేనమామ వచ్చి తన ఊరు డోంగ్లికి తీసుకుపోయాడు. ఆ ఏటి వానలకు ఎల్లారెడ్డిలో ఇల్లు కూలి, ఉన్న ఒక్క ఫోటో మట్టిలో కలిసింది. తల్లి వేళ్లు గుర్తున్నాయి. దారం గుర్తుంది. మొహం మాత్రం ఎంత తలుచుకున్నా రాదు.

సాయంత్రం నాలుగింటికి రిబ్బన్ కత్తిరించారు.

చప్పట్లు ఆగకముందే ఆరుగురు ఆడవాళ్లు లోపలికి దూసుకొచ్చారు. అందరూ అట్టతో చేసిన నల్లటి బర్రె మొహాలు తొడుక్కున్నారు.

ఒకామె కుర్చీ ఎక్కి బర్రె మొహం పైకి జరిపింది. కాలేజీలో పాఠాలు చెప్పే సుకన్య.

"బొమ్మల ఆడది కావాలె. బొమ్మ కింద ఆడదాని పేరు వద్దా?" అని అడిగింది. "ఇవి గీసింది ఈ సారు కాదు. ఈయన కాడ ఇరవై ఏండ్లు దినకూలికి గీసిన ఒకామె. నల్ల మొహాలు అమ్ముడుపోవని, పోయిన నెల అన్నిటికీ తెల్లరంగు పూయించిండు."

వంశీధర్ తిరుపతి వైపు తిరిగాడు.

"కొట్టి బయట పారెయ్‌రా."

లాఠీ లేచింది. ఒకామె ముక్కు చిట్లి నెత్తురు కారింది. చూడవచ్చిన పెద్దమనుషులే ఇంకొకామెను జుట్టు పట్టి ఈడ్చారు. సుకన్యను కుర్చీతో సహా తన్నారు. ఆమె నుదురు గోడకు తగిలి పగిలింది.

అప్పుడు చూశాడు తిరుపతి. ఒక బర్రె మొహం నడిమి గోడ దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. చేతిలో సీసా, గుడ్డ.

"ఆసిడ్ పోస్తుందిరా, ఆపు" అని వంశీధర్ అరిచాడు.

ఒక్క ఉరుకులో చేరుకున్నాడు. బర్రె మొహం అతని వైపు తిరిగింది.

"కొట్టకు, బేటా. ఒక్కసారి ఇటు చూడు."

ఆ గొంతు ఎక్కడ విన్నాడో ఆలోచించే తీరిక లేదు. మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. సీసాలోది బొమ్మ మీదికి చిమ్మింది. కిందపడ్డా ఆమె గుడ్డ వదల్లేదు. ఆ వేళ్లను బూటు కింద వేసి తొక్కాడు. వదిలేదాకా తొక్కాడు.

ముక్కుకు వాసన తగిలింది. ఆసిడ్ కాదు. రంగులు కడిగే టర్పెంటైన్.

తలెత్తాడు.

నెల కిందటి తెల్లరంగు పాలలా కారిపోతోంది. ఏనాడో ఎండిన పాత రంగు చెక్కుచెదరలేదు. తెలుపు కింద నుంచి నల్లటి నుదురు బయటపడింది. తర్వాత కళ్లు. తర్వాత ముక్కు పక్కన పుట్టుమచ్చ. చివరికి, అతను రోజూ అద్దంలో చూసుకునే పెదవులు.

"అవ్వ" అన్నాడు తిరుపతి, తల్లిని పిలిచినట్టు.

వంశీధర్ పరుగున వచ్చి బొమ్మను గోడ మీంచి పీకబోయాడు. ఈసారి లాఠీ అతని దవడ మీద పడింది. పళ్లూ నెత్తురూ కక్కుతూ కూలాడు. బొమ్మ కొక్కెం ఊడి నేల మీద బోర్లా పడింది.

సుకన్య పాక్కుంటూ వచ్చి, పడి ఉన్నామె బర్రె మొహం తీసింది. పొద్దున గేటు దగ్గర అతను నెట్టేసిన మనిషి. స్పృహ లేదు. కుడిచేతి వేళ్లు నలిగి ఏవి ఎక్కడున్నాయో తెలియడం లేదు.

"ఈ బొమ్మలన్నీ గీసిన సఫూరా చెయ్యి ఇదే" అంది సుకన్య. "'మీరు లొల్లి చెయ్యండి, నడిమి బొమ్మ ఒక్కటి నాకు వదిలెయ్యండి' అని మాతోని అన్నది. పొద్దున గేటు కాడ ఎవరినో చూసిందట, దినమంతా సంబురపడ్డది."

తిరుపతి లాఠీ జారిపోయింది. బోర్లా పడిన బొమ్మ వెనక, గుడ్డ మీద బొగ్గుతో రాసిన పాత అక్షరాలున్నాయి. మోకాళ్ల మీద కూర్చుని చదివాడు.

"బొమ్మకు కూసున్నందుకు ఎంకవ్వ కూలి తీసుకోలే, నా కొడుకు నా మొహం మర్సిపోతే నువ్వే వాన్ని ఎతికి చూపియ్యాలె అన్నది, చూపిస్తనని మాటిచ్చిన - సఫూరా."