మేయర్ గారి ఫ్లెక్సీ

ఆ పొద్దున ఆకాశం నల్లగా దిగి సముద్రాన్ని ఆనుకుంది. వాన పడి వెలిసినా తేటపడలేదు. బసిలిసా ఇంటి కప్పు ఇంకా కారుతూనే ఉంది. కారిన చోటల్లా ఆమె గిన్నెలు పెట్టింది.

గుమ్మం ముందు మోటారు ట్రైసికిల్ ఆగింది. దాని మీద కొత్త ఇనుప రేకులున్నాయి. మేయర్ ఆఫీసులో ఈ మధ్యే చేరిన ఎఫ్రెన్ దిగి, చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చాడు.

“పెద్దమ్మా, ఈ రేకులన్నీ నీకే. మేయర్ లుంబ్రే గారు పంపారు.”

“ఎందుకు?”

“ఎందుకేంటి, ఇంటి మీద వేసుకోడానికి. నీ దగ్గర ఆయన పాత ఫ్లెక్సీ ఒకటుందటగా. అది ఇచ్చెయ్. కొత్తది ఇస్తాం. అందులో ఇంకా అందంగా ఉన్నారు.”

“ఇవ్వను.”

కప్పు నుంచి ఒక చుక్క ఎఫ్రెన్ మెడ మీద పడింది. తుడుచుకున్నాడు.

“ఊళ్ళో అందరూ ఇచ్చారు. ఒకాయన పందుల దొడ్డి మీంచి పీకిచ్చాడు. ఒకామె కొబ్బరి ఎండబెట్టుకునేది దులిపిచ్చింది. నువ్వు కప్పు మీద కూడా వేసుకోకుండా పెట్టెలో దాచావంట. నిజమేనా?”

“నిజమే.”

“గోడకి మొగుడి ఫొటో ఒక్కటీ లేదు. మేయర్ గారిని మాత్రం మడతపెట్టి దాచుకున్నావ్. ఏం ప్రేమ పెద్దమ్మా!”

బయట అరుగు మీద వల బాగుచేస్తున్న పక్కింటి అన్నదమ్ములు నవ్వలేదు. తల దించుకుని ముడులు వేస్తూనే ఉన్నారు. ఎఫ్రెన్ ఒక్కడే కాసేపు నవ్వి ఆపేశాడు.

“రేపొస్తా. ఆలోచించుకో. రేపు కూడా కాదంటే రేకులు ఇంకొకరింటికి పోతాయి.”

ట్రైసికిల్ వెళ్ళిపోయాక దివినా వచ్చింది. బస్సు దిగి బురదలో నడిచొచ్చిందేమో, మోకాళ్ళ దాకా మట్టి. ఎన్నికల్లో గెలిచినవాళ్ళు ఏం చెప్పారో, ఏం చేశారో ఒక్కొక్కరి చిట్టా తీసి జనం ముందు పెట్టే సంఘంలో పని చేస్తుంది.

“మీరు మేయర్ గారి మనిషని టౌనులో చెప్పారమ్మా. అయినా వచ్చాను.”

“అంటారు. కూర్చో.”

బసిలిసా పెట్టె తెరిచి ఫ్లెక్సీ తీసి నేల మీద పరిచింది. మేయర్ నవ్వుతున్నాడు. ఆయన వెనక తెల్లటి పెద్ద భవనం బొమ్మ. కింద అక్షరాలు: ‘తుఫాను షెల్టరు పూర్తయింది. ఇక భయం లేదు.’ నడుమ అడ్డంగా ఒక గోధుమరంగు మరక. నాలుగు మూలలా ఇత్తడి రింగులు ఊడి, గుడ్డ సాగిపోయి ఉంది.

“గాలికి చినిగిందా?”

“బరువుకి.”

దివినా అంతగా పట్టించుకోకుండా ఫొటోలు తీసింది. “ఈ మరక?”

“చాలాసార్లు ఉతికాను. పోలేదు.”

“దీన్ని ఎక్కడ కట్టారు?”

“కొండ మీద, షెల్టరు స్తంభాలకి. పడవల్లోంచి చూస్తే నిజం భవనంలాగే ఉండేది.”

“వెనక ఏమీ లేదని ఎవరూ చూడలేదా?”

“పనిలేక ఆ కొండ ఎవరెక్కుతారు?”

దివినా ఫోను పక్కన పెట్టింది.

“అమ్మా, మేయర్ చిట్టా మీద విచారణ సోమవారంతో అయిపోతుంది. షెల్టరు పూర్తయిందని నేనెప్పుడూ అనలేదంటున్నాడు మేయర్. ఈ ఫ్లెక్సీ ఆ పెద్ద తుఫాను వచ్చిపోయాక ప్రత్యర్థులు అచ్చేయించిందట. ముందే ఉందని తేలితే ఆయన అబద్ధం ఆయన చిట్టాలో ఉండిపోతుంది. తేలకపోతే మేం ఆ మాట తీసెయ్యాలి. ఆయన గవర్నరుకి నిలబడతాడు, గెలుస్తాడు.”

“ముందే ఉంది.”

“ఊళ్ళో అందరూ అదే అంటున్నారు. ఎలా చెప్పగలరంటే నోరు మెదపరు. మిమ్మల్ని అడగమంటారు. తుఫాను రోజు ఇది అక్కడుందనడానికి ఒక్క గుర్తు చెప్పండి చాలు.”

బసిలిసా లేచి పొయ్యి మీది గిన్నె మూత తీసి చూసింది. శుక్రవారం, మాంసం ముట్టని రోజు కాబట్టి పెసరపప్పు. మునగాకు దూసి అందులో వేసి కలియబెట్టింది.

“ముందు తిను,” అంది. గుమ్మంలోంచి అన్నదమ్ముల్ని పిలిచింది. “రండ్రా, మీరూ తినండి.”

వాళ్ళిద్దరూ వల పక్కన పెట్టి, చెప్పులు బయట వదిలి వచ్చారు. నేల మీది ఫ్లెక్సీని తొక్కకుండా గోడ వారగా నడిచి కూర్చున్నారు.

అన్నం, పప్పు, కాల్చిన ఎండు చేపలు. నలుగురూ చేతులతో తిన్నారు. గిన్నెల్లో చుక్కలు పడుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది. దివినా ఒకటి రెండుసార్లు ఏదో అడగబోయి, వాళ్ళ మొహాలు చూసి మానేసింది. తమ్ముడు చేప ముల్లు తీస్తూ తీస్తూ మేయర్ మొహం వంక చూసి, మళ్ళీ కంచంలోకి చూసుకున్నాడు.

తినడం అయ్యాక బసిలిసా చెయ్యి కడుక్కుని ఫ్లెక్సీ దగ్గరికి వెళ్ళింది. ఆమె ఏమీ చెప్పకుండానే అన్నదమ్ములు లేచి చెరో రెండు మూలలు పట్టుకున్నారు. అలవాటున్న చేతులతో జాగ్రత్తగా పైకెత్తారు, జాగ్రత్తగా మడిచారు. బసిలిసా ఆ మడత తీసుకుని దివినా ఒళ్ళో పెట్టింది.

“ఆ తుఫాను రోజు షెల్టరుందని వెళ్ళిన మా ఆయన్ని కొండ మీంచి ఇందులోనే మోసుకొచ్చారు.”