సింహం దీపం

వెలుగు ఎప్పుడివ్వాలో, ఎప్పుడు ఆర్పాలో ఇళ్ళే తేల్చుకునే రోజులవి. గుండెజబ్బు చేసి లేచిన కృపానందానికి విశ్రాంతి కావాలని, అతని ఇల్లు సాయంత్రం ఆరింటికే చీకటి చేసేసేది. నెల తిరిగేసరికి మనిషి నవ్వడమే మరిచిపోయాడు.

అతని భార్య విమలమ్మ మ్యూజియంలో పాతకాలపు మట్టి వస్తువులకు నకళ్ళు చేసేది. ఒకనాడు తను చేసిన రోమను దీపమొకటి కొంగుచాటున ఇంటికి తెచ్చింది. చీకటి పడగానే నూనె పోసి వెలిగించింది. దీపం మీద ఒక వీరుడు ఒట్టి చేతులతో సింహంతో పెనుగులాడుతున్నాడు.

కృపానందం వంగి చూశాడు. "ఎవరే వీడు?"

"హెర్క్యులిసు. ఏ ఆయుధమూ దిగని తోలట ఆ సింహానిది. గొంతు నులిమేశాడు."

"అమ్మా, ఇంట్లో మంట నిషేధం. వెంటనే ఆర్పండి," అంది ఇల్లు.

"నీకు ఊపిరుంటే ఊదుకో!" అంది విమలమ్మ.

కృపానందం పకపకా నవ్వాడు. గాలికి మంట ఎక్కడ అంటుకుంటుందోనని ఇల్లు ఫ్యాను ఆపేసింది. కంపెనీవాళ్ళకు ఫిర్యాదు పంపుతున్నానంది.

అతను అలమారులోంచి పేకముక్కలు తీసి కలపడం మొదలుపెట్టాడు.

"పంపుకోవే. వాళ్ళు కూడా వస్తే ఆటకి మనుషులు సరిపోతారు."