ఖాళీ పెట్టెలు

కొండ మీది సందర్శకులంతా దిగిపోయాక, తీగకు వేలాడే ఖాళీ పెట్టెల్ని ఒక చుట్టు తిప్పి రోప్‌వే ఆపడం ఆపరేటరమ్మ పద్ధతి. ఆ రాత్రి ఏడో పెట్టె అద్దాలు లోపలి నుంచి ఆవిరి పట్టి వచ్చాయి.

కింది స్టేషన్ నుంచి పై స్టేషన్‌కి ఫోన్ చేసింది.

"ఇక్కడ ఎవరూ లేరక్కా. మిషన్ ఆపేసి ఇంటికెళ్ళిపో," అన్నాడు అక్కడి వాచ్‌మన్.

"పదకొండేళ్ళలో ఒక్కర్ని కూడా గాల్లో వదిలేసి ఇంటికెళ్ళలేదురా. ఎవరైతే నాకేంటి."

పెట్టె ఆపి తలుపు తీసింది. లోపల ఎవరూ లేరు. పిల్లల్ని దింపేటప్పటిలాగే చేయి చాచింది. చల్లటి చిన్న వేళ్ళు గట్టిగా పట్టుకున్నాయి. ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు.

"మెల్లగా దిగమ్మా."

పెట్టె ఒకసారి ఊగింది. వెనకున్న పెట్టెల అద్దాలన్నీ మసకబారి ఉన్నాయి.

ఆమె చొక్కా చేతులు పైకి మడిచింది.

"తోసుకోకండి. ఒక్కొక్కరే రండి. అందర్నీ దింపాకే నేను వెళ్ళేది."